మాయల ఫకీరు చిలక ఎక్కడుంది?



బాలనాగమ్మ కథ మీలో చాలామంది వినే ఉంటారు. మాయల ఫకీరును ఎదురుగా నిలబడి ఎవరూ చంపలేరు. వాడి ప్రాణం వాడి ఒంట్లో ఉండదు. ఎక్కడో అందనంత దూరాన ఓ చిలకలో ఉంటుంది. ఆ చిలక ఆచూకీ తెలిసిన రోజున కథ మలుపు తిరుగుతుంది. చిన్నప్పుడు మా నాయనమ్మ ఈ కథ చెబుతుంటే నా ధ్యాసంతా ఆ చిలక మీదే ఉండేది. ఇంత మాయలమారి ప్రాణం అంత చిన్న పిట్టలో ఎలా పట్టింది, దాన్ని అక్కడ ఎవరు దాచారు అని అడిగి అడిగి ఆవిణ్ణి విసిగించేవాణ్ణి.

కంప్యూటర్ ఆటల గురించి మాట్లాడతానని వచ్చి ఫకీరు కథ ఎత్తుకున్నాడేమిటని అనుకోకండి. ఆటల్లోనూ ప్రాణాలుంటాయి. ఆడేవాళ్లు వాటిని 'లైవ్స్' అంటారు. తెర మీద మూడు చిన్న బొమ్మలుగానో, ఓ మూలన అంకెగానో కనిపిస్తాయి. ఆ కనిపించేది ఫకీరు ఒళ్లు. అసలు ప్రాణం కంప్యూటర్ మెమరీలో ఒక చిన్న గడిలో సంఖ్యగా కూర్చుని ఉంటుంది. ఆ గడిని వెతికి పట్టుకోవడం, అందులో ఇంకో సంఖ్య వేస్తే ఏమవుతుందో చూడటం, ఆట అలా ఎందుకు నడుస్తోందో విప్పి తెలుసుకోవడం, ఆ తర్వాత సొంతంగా ఓ చిన్న ఆట రాసుకోవడం... జీతం కోసం కాకుండా సరదా కోసం ఈ పని చేసేవాళ్లు ప్రపంచమంతటా ఉన్నారు. ముప్ఫై ఏళ్లుగా నేనూ వాళ్లలో ఒకణ్ణి.

1994 ఎండాకాలం సెలవులు. తెనాలిలో మా ఇంటికి రెండు వీధుల అవతల ఓ కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ తెరిచారు. గుమ్మం దగ్గరే చెప్పులు విడవాలి. లోపల ఏసీ చలి, కాళ్ల కింద తివాచీ, మానిటర్ల మీద ప్లాస్టిక్ తొడుగులు. ఒక్కో మిషన్‌కు ఇద్దరేసి పిల్లలం. మొదటి వారం డాస్ కమాండ్లు నేర్పారు. రెండో వారం ప్రోగ్రాంలు రాసుకునే క్యూబేసిక్ తెరిచారు.

1991లో వచ్చిన ఎంఎస్-డాస్ 5తో పాటు ఈ క్యూబేసిక్ ఊరికే దొరికేది. దాంతో పాటు రెండు ఆటలు కూడా వచ్చేవి. ఒకటి, మేడల మీద నిలబడి గొరిల్లాలు అరటిపండ్లు విసురుకునే ఆట. రెండోది నిబుల్స్ అనే పాము ఆట. నోకియా ఫోన్లలో పాము ఆట ఆడినవాళ్లకు ఇదేమిటో వెంటనే తెలుస్తుంది. ఫోన్లలోకి పాము రావడానికి ఆరేళ్ల ముందు వచ్చిన ఆట ఇది. గోడల మధ్య పాము తిరుగుతూ, ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకెలను ఒక్కొక్కటే తినాలి. తిన్నకొద్దీ పొడవు పెరుగుతుంది. గోడకు కొట్టుకుంటే ఒక ప్రాణం పోతుంది.

ఈ ఆటల్లో ఉన్న గొప్పతనం ఒకటి చెప్పాలి. ఆడాలంటే ముందు క్యూబేసిక్‌లో ఆ ఫైలు తెరవాలి. అంటే, ఆట మొదలవడానికి ముందే ఆటను రాసిన అక్షరాలన్నీ కళ్ల ముందు పరుచుకునేవి. ఆ తర్వాత ఎఫ్5 మీట నొక్కితే ఆట నడిచేది. వంటింట్లోంచి నడిచి వెళ్తేగాని భోజనాల గది రాని ఇల్లన్న మాట. చాలామంది పిల్లలు వంటింటిని చూడకుండా గబగబా దాటేసేవాళ్లు. నా పక్కన కూర్చున్న కుర్రాడు ఎఫ్5 నొక్కబోతుంటే, ఎందుకో తెలీదు, ఆగమన్నాను. బాణం మీట నొక్కుకుంటూ కిందికి వెళ్లాను. ఇంగ్లిష్ మాటలు, సంఖ్యలు, చుక్కలు. అన్నిటి మధ్యలో ఒక వరుస కంటబడింది. ఆ ఆటలో పాము పేరు శామీ. శామీ, చుక్క, లైవ్స్, సమానం, 5. అంతే ఉంది ఆ వరుసలో.

చిలక దొరికింది.

5 పక్కన సున్నా పెట్టి 50 చేశాను. ఎఫ్5 నొక్కాను. ఆట వచ్చింది. కానీ తెర పైన లైవ్స్ అన్న చోట నేను అనుకోనిది కనబడింది. ముందొక శాతం గుర్తు, దాని పక్కన 50. శాతం గుర్తు నేను పెట్టలేదు. ఏదో పాడు చేశానని భయమేసింది. ఈలోగా సార్ వచ్చి వెనక నిలబడ్డారు.

"ఏం కెలికావురా?"

"ప్రాణాలు యాభై చేశాను సార్."

ఆయన తిట్టలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని, ప్రోగ్రాంలో ఇంకో చోటికి తీసుకెళ్లారు. స్కోరును తెర మీద రాసే వరుస అది. అందులో లైవ్స్ అన్న మాట తర్వాత ఒకే ఒక్క హాష్ గుర్తు ఉంది. "చూశావా, ఈ హాష్ అంటే ఒక అంకెకు ఉంచిన చోటు. ఇది రాసినవాడికి ప్రాణాలు తొమ్మిది దాటతాయన్న ఆలోచన లేదు. ఒక్క అంకెకే చోటు ఉంచాడు. నువ్వు రెండంకెలు తోశావు. ఇక్కడ పట్టలేదు అని చెప్పడానికి ఆ శాతం గుర్తు వేసింది. ఇంకో హాష్ పెట్టి చూడు" అన్నారు. పెట్టాను. శాతం గుర్తు పోయింది.

ఆ మధ్యాహ్నం నేను నేర్చుకున్నంత, తర్వాత ఇంజనీరింగ్‌లో ఒక్కో సెమిస్టర్ మొత్తం కూర్చున్నా నేర్చుకోలేదు. మెమరీలో సంఖ్య ఒకటి, తెర మీద దాని బొమ్మ ఒకటి, రెండూ వేరువేరు. దేనికైనా చోటు ముందే కేటాయించాలి. కేటాయించినదాని కంటే ఎక్కువ తోస్తే మిషన్ తనకు తోచినట్టు చేస్తుంది. అన్నిటికంటే ముఖ్యమైనది ఇంకోటి: ఆ 5 ఆకాశంలోంచి ఊడిపడలేదు. ఎవరో ఒక మనిషి కూర్చుని, ఐదు చాల్లే అనుకుని వేసిన 5 అది. పది అనుకుని ఉంటే పది అయ్యేది.

తర్వాతి రోజుల్లో ఆ ఫైలునే తవ్వుకుంటూ పోయాను. పాము ఎంత పెరగాలో చెప్పే లెక్క దొరికింది. తిన్న అంకెను నాలుగుతో హెచ్చవేసి పొడవుకు కలుపుతుంది. 2 తింటే 8 గడులు, 9 తింటే 36 గడులు. చివర్లో పాము తోకను తానే తప్పించుకోలేక చావడానికి కారణం ఆ నాలుగు. దాన్ని ఒకటి చేస్తే ఆట చప్పబడిపోయింది. పది చేస్తే ఆడలేకపోయాం. నాలుగు దగ్గరే ఆట రుచిగా ఉంది. ఆ నాలుగు కోసం రాసినవాళ్లు ఎన్నిసార్లు మార్చి చూసుకుని ఉంటారో అనిపించింది. పులుసులో ఉప్పు లాంటిది అది.

ఇంకో తమాషా. ఆ పాము బొమ్మ అసలు బొమ్మే కాదు, అక్షరం. ఆ తెర మీద 25 వరుసల అక్షరాలే పడతాయి. కానీ పాము తిరిగే మైదానానికి 50 వరుసలు ఉన్నాయి. ఎలా? అక్షరాల పట్టికలో పై సగం నిండిన గడి ఒకటి, కింది సగం నిండిన గడి ఒకటి ఉంటాయి. ఒక్కో అక్షరం గడిని అడ్డంగా రెండుగా చీల్చి, సగానికి ఒక రంగు, మిగతా సగానికి ఇంకో రంగు వేశారు. అలా పాతిక వరుసల్లోంచి యాభై పిండుకున్నారు. ఇది అర్థమైన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇక్కడ మన అష్టాచెమ్మా గుర్తు చేసుకుందాం. గచ్చు మీద సుద్దముక్కతో గడులు గీసి, గవ్వలు వేసి ఆడేవాళ్లం. ఆట మొదలవగానే ముందు వాదన. చెమ్మా పడితే ఇంకో పందెం ఉందా లేదా? అవతలివాళ్ల కాయను చంపకుండా లోపలి గడుల్లోకి వెళ్లొచ్చా? మా వీధిలో ఇంతే అంటే, మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో అలా కాదు అని. చివరికి అందరూ ఒప్పుకున్న పద్ధతిలో ఆడేవాళ్లం. మర్నాడు మళ్లీ మార్చుకునేవాళ్లం. ఆట నియమాలు పిల్లల చేతుల్లో ఉండేవి. వాటిని మార్చుకోవడం కూడా ఆటలో భాగమే. కంప్యూటర్ ఆట వచ్చాక ఆ నియమాలు పెట్టెలోకి వెళ్లిపోయాయి. ఇచ్చినట్టు ఆడటమే మిగిలింది. ప్రోగ్రామింగ్ నేర్చుకున్న పిల్లలు గచ్చు మీద కూర్చుని వాదించుకునే ఆ హక్కును తిరిగి తెచ్చుకుంటారు. ఈ ప్రసంగంలో నేను మీకు చెప్పదలచుకున్నది ఇదే.

సరే, నిబుల్స్ అంటే తెరిచి పెట్టిన పుస్తకం. మిగతా ఆటలు అలా ఉండవు. ఇంగ్లిష్ మాటలతో రాసిన ప్రోగ్రాంను సంఖ్యలుగా మార్చేసి, ఆ సంఖ్యలనే మనకిస్తారు. మరి అక్కడ చిలకను ఎలా పట్టుకుంటారు? జల్లెడ పడతారు. ఆటలో మీకు మూడు ప్రాణాలున్నాయనుకోండి. మెమరీ మొత్తంలో 3 అనే సంఖ్య ఉన్న గడులన్నీ వెతికించండి. కొన్ని వందలు వస్తాయి. ఇప్పుడు కావాలని ఒక ప్రాణం పోగొట్టుకోండి. ఆ వందల్లో ఇప్పుడు 2గా మారినవి ఏవో చూడండి. పదో పదిహేనో మిగులుతాయి. ఇంకో ప్రాణం పోగొట్టుకోండి. ఇప్పుడు 1 అయినవి ఏవి? సాధారణంగా ఒకటో రెండో. అదే చిలక ఉన్న తొర్ర. ఈ పద్ధతి చెప్పగానే పదేళ్ల పిల్లలకు కూడా అర్థమవుతుంది. నేను చాలామంది చేత చేయించాను.

అంతకంటే లోతుకు దిగితే సంఖ్యల భాష చదవాలి. నాణెం వేసి ఆడే పాత ఆర్కేడ్ ఆటల్లో ఎక్కువగా వాడిన జడ్80 అనే ప్రాసెసర్‌కు 62 అని చెబితే, 'తర్వాత వచ్చే సంఖ్యను ఏ అనే గదిలో పెట్టు' అని అర్థం. 195 అంటే 'ఫలానా చోటికి దూకు'. 201 అంటే 'వచ్చిన చోటికి తిరిగి వెళ్లు'. 62, 3 అని పక్కపక్కన కనబడితే, ఎవరో ఏ గదిలో 3 పెడుతున్నారన్న మాట. ప్రాణాలేమో! ఇలా వేల సంఖ్యలను ఒక్కొక్కటే చదివి, పక్కన తమ మాటల్లో వ్యాఖ్యానం రాసుకునేవాళ్లు ఉన్నారు. తాళపత్రాల మీద పాత లిపిని కూడబలుక్కుని చదివే పండితుల ఓపిక వాళ్లది.

ఆ ఓపిక వల్ల బయటపడిన సంగతులు వింటే మీకూ ముచ్చటేస్తుంది. 1978లో జపాన్‌లో తొమొహిరో నిషికాడో అనే ఆయన స్పేస్ ఇన్వేడర్స్ తయారు చేశారు. పైనుంచి 55 మంది శత్రువులు, ఐదు వరుసల్లో, వరుసకు పదకొండు మంది చొప్పున మెల్లగా కిందికి దిగుతుంటారు. వాళ్లను కాల్చుతున్నకొద్దీ మిగిలినవాళ్ల వేగం పెరుగుతుంది. చివరి ఒక్కడు పరుగులు తీస్తాడు. గుండె దడదడలాడుతుంది. ఈ వేగం పెరగడం కోసం ప్రత్యేకంగా రాసిన ప్రోగ్రాం ఏమీ లేదు. ఆ మిషన్ తెరను సెకనుకు 60 సార్లు మారుస్తుంది. మార్చిన ప్రతిసారీ ఒక్క శత్రువునే కదిలించగలదు. 55 మంది ఉన్నప్పుడు అందరూ ఒక్కో అడుగు వేయడానికి దాదాపు ఒక సెకను పడుతుంది. పది మందే మిగిలితే సెకనులో ఆరో వంతు చాలు. పంక్తిలో భోజనానికి కూర్చున్నవాళ్లు తగ్గితే వడ్డన త్వరగా తిరిగి వచ్చినట్టు. నిషికాడో ఇది గమనించారు. సరిచేయకుండా, ఆట రక్తి కట్టిందని అలాగే ఉంచేశారు. ఆట ముందుకు పోయేకొద్దీ వేగం పెరగాలన్న పద్ధతి తర్వాత ఎన్నో ఆటల్లోకి వచ్చింది.

ప్యాక్‌మ్యాన్ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. నాకు అన్నిటికంటే ఇష్టమైన ఆట. 1980లో జపాన్‌లోని నామ్కో సంస్థలో తోరు ఇవాతాని రూపొందించారు. పసుపుపచ్చ ముద్ద ఒకటి సందుల్లో తిరుగుతూ చుక్కలు తింటుంది. నాలుగు దెయ్యాలు దాన్ని తరుముతాయి. చూసేవాళ్లకు నాలుగూ ఒకేలా తరుముతున్నట్టుంటాయి. లోపల చూస్తే ఒక్కోదానిది ఒక్కో స్వభావం. ఎర్రది సూటిగా మీరున్న గడినే గురిపెడుతుంది. గులాబీది మీరు వెళ్తున్న దిక్కులో నాలుగు గడుల ముందుకు గురిపెడుతుంది, దారికాచే రకం. నీలిది ఎర్రదాంతో చేతులు కలుపుతుంది: మీ ముందు రెండో గడికీ ఎర్ర దెయ్యానికీ గీత గీసి, దాన్ని అంతే దూరం అవతలికి పొడిగించి, ఆ చివరకు వెళ్తుంది. నారింజది తమాషా మనిషి. ఎనిమిది గడుల కంటే దూరంగా ఉంటే మీద పడటానికి వస్తుంది. దగ్గరికి రాగానే జంకి, కింద ఎడమ మూలకు పారిపోతుంది. నాలుగే నాలుగు చిన్న లెక్కలు. వాటిల్లోంచి నాలుగు వ్యక్తిత్వాలు పుట్టాయి. నలభై ఏళ్లు దాటినా కృత్రిమ మేధ గురించి పిల్లలకు చెప్పాలంటే నేను ఈ నాలుగు దెయ్యాలతోనే మొదలుపెడతాను.

ఆ లెక్కలో ఒక పొరపాటూ ఉంది. మీరు పైకి చూస్తున్నప్పుడు గులాబీ దెయ్యం నాలుగు గడులు పైకి గురిపెట్టాలి కదా. అది పైకి నాలుగు, ఎడమకు నాలుగు గురిపెడుతుంది. రెండు సంఖ్యలను కలిపి ఒకేసారి కూడేటప్పుడు ఒకదాని మిగులు పక్కదానిలోకి పొర్లడమే కారణం. కూడికలో ఒకటి తప్పుగా మోసినట్టు. ఆ పొరపాటును వాడుకుని తప్పించుకునే ఆటగాళ్లు ఉన్నారు.

ఇక 256వ స్థాయి. ప్యాక్‌మ్యాన్‌కు ముగింపు లేదు, ఆడగలిగినంతసేపు ఆడవచ్చని అనుకున్నారు. కానీ 256వ స్థాయికి చేరితే తెర కుడి సగమంతా అడ్డదిడ్డంగా అక్షరాలు, అంకెలు, ముక్కలు చెక్కలు. ఎందుకు? స్థాయి సంఖ్యను ఒకే ఒక బైట్‌లో దాచారు. బైట్‌లో 0 నుంచి 255 దాకానే పడుతుంది. పాత స్కూటర్ మీటరు అన్నీ తొమ్మిదులయ్యాక మళ్లీ సున్నాకు తిరిగినట్టు, 255కు ఒకటి కలిపితే సున్నా వస్తుంది. తెర కింద మామూలుగా ఏడు పండ్ల బొమ్మలకు మించి గీయని భాగం, ఆ సున్నా దగ్గర ఎక్కడ ఆగాలో తెలియక 256 బొమ్మలు గీసుకుంటూ పోతుంది. చోటు అయిపోయి, ఆట మైదానం మీదనే గీస్తుంది. తినాల్సిన చుక్కలు సరిపోను మిగలవు గనక ఆ స్థాయి పూర్తవదు. ఇది చదివిన రోజున నాకు మా ఇన్‌స్టిట్యూట్‌లో చూసిన శాతం గుర్తు గుర్తొచ్చింది. అక్కడ ఒక్క హాష్, ఇక్కడ ఒక్క బైట్.

ఇవన్నీ ఇప్పుడు మనం చెప్పుకోగలుగుతున్నామంటే పాత మిషన్లు తుప్పుపట్టకముందే వాటి చిప్పుల్లోని సంఖ్యలను బయటికి తీసి దాచినవాళ్లు ఉన్నారు గనక. 1997లో ఇటలీకి చెందిన నికోలా సల్మోరియా మొదలుపెట్టిన మేమ్ అనే ప్రాజెక్టు అలాంటిదే. పాత ఆర్కేడ్ మిషన్ లోపల ఏ భాగం ఎలా పనిచేసేదో మామూలు కంప్యూటర్‌లో అచ్చంగా చేసి చూపించే ప్రోగ్రాం అది. ఎంతోమంది తీరిక వేళల్లో చేసిన పని.

మన ల్యాబుల్లో ఆడిన ఆటకు వద్దాం. డేవ్ గుర్తుందా? ఎర్ర టోపీ పెట్టుకుని, కప్పు కోసం ఎగిరెగిరి దూకే డేంజరస్ డేవ్. 1988లో అమెరికాలో జాన్ రొమేరో రాశారు. మా ఇన్‌స్టిట్యూట్‌లో శనివారం ఆఖరి పావుగంట డేవ్ కోసమే. ఆ ఆటలో డేవ్ తెర అంచుకు వెళ్తే తెర మొత్తం ఒక్కసారిగా కుదుపుతో జరిగేది. వీడియో గేమ్ పెట్టెల్లో మారియో నడుస్తుంటే వెనక దృశ్యం నీళ్లలా సాగేది. పీసీకి అది చేతకాదని అనుకునేవారు. అప్పటి ఈజీఏ తెర మీద 64,000 చుక్కలు. సెకనుకు పదులసార్లు అన్నిటినీ మళ్లీ గీయడం ఆనాటి పీసీ వల్ల కాదు. 1990లో జాన్ కార్మాక్ అనే ఇరవయ్యేళ్ల కుర్రాడు ఒక సంగతి పట్టుకున్నాడు. దృశ్యం జరిగినా ఆకాశం పక్కన ఆకాశమే వస్తుంది, ఇటుక పక్కన ఇటుకే. అంటే చాలా గడులు మారినట్టు కనిపించినా నిజానికి మారవు. మారిన గడులనే గీస్తే చాలు. గోడకు సున్నం వేయించేటప్పుడు మరకలున్న చోటే పూత వేసినట్టు. ఒక రాత్రి తోటి ఉద్యోగి టామ్ హాల్‌తో కలిసి కూర్చుని, మారియో మూడో ఆటలోని మొదటి స్థాయిని పీసీలో కట్టాడు. అందులో మారియో బదులు ఎవరిని నడిపించారో తెలుసా? మన డేవ్‌ను. పొద్దున్నే ఆ ఫ్లాపీని అదే ఆఫీసులోని రొమేరో బల్ల మీద పెట్టారు. తర్వాత వీళ్లే ఐడీ సాఫ్ట్‌వేర్ పెట్టి, 1993లో డూమ్ అనే ఆట తీశారు. నాలుగేళ్లకు డూమ్ ప్రోగ్రాంను అందరూ చదువుకోండని బయట పెట్టేశారు కూడా. అది చదివి ప్రోగ్రామర్లయినవాళ్లు ఎందరో.

ప్రిన్స్ ఆఫ్ పర్షియా సంగతి చెప్పకుండా ఉండలేను. 1989లో జోర్డన్ మెక్నర్ ఆపిల్ టూ కంప్యూటర్ మీద రాసిన ఆట. తమ్ముడి చేత పరుగెత్తించి, దూకించి, వీడియో తీసి, ఒక్కో భంగిమనూ చూసి రాకుమారుడి బొమ్మలు గీశాడు. అందుకే ఆ పరుగు నిజం మనిషి పరుగులా ఉంటుంది. ఆ బొమ్మలతోనే మెమరీ అంతా నిండిపోయింది. ఎదుటివాడి బొమ్మలకు చోటు లేదు. అప్పుడు ఏం చేశాడంటే, రాకుమారుడి బొమ్మనే తీసుకుని, ఒక బిట్ పక్కకు జరిపి, మళ్లీ దాని మీదనే వేశాడు, ఒకే చోట రెండూ ఒకేలా ఉంటే చీకటి, తేడా ఉంటే వెలుగు అనే లెక్కతో. మిణుకుమిణుకుమనే నీడ మనిషి తయారయ్యాడు. కొత్త బొమ్మ ఒక్కటీ అక్కర్లేదు. అద్దంలోంచి దూకగానే బయటికి వచ్చే ఆ నీడ గుర్తుందా? చివర్లో దాన్ని పొడిస్తే మన ప్రాణమే తగ్గేది. కత్తి దించి ఎదురెళ్తే నీడ మనలో కలిసిపోయేది. ఆ కథ మొత్తం మెమరీ చాలక పుట్టింది. ఆ ప్రోగ్రాం చాలాకాలం కనిపించకుండా పోయింది. 2012లో మెక్నర్ తండ్రి ఇంట్లో ఓ అల్మరాలో ఫ్లాపీలు దొరికాయి. వాటిని చదివించి, మెక్నర్ ప్రోగ్రాం మొత్తాన్ని ఇంటర్నెట్‌లో అందరికీ పెట్టేశాడు. నేను దించుకుని, ఆ నీడను పుట్టించే లెక్క కోసం వెతుక్కుంటూ ఓ ఆదివారమంతా గడిపాను.

ఇప్పటి పిల్లల మాటకొస్తాను. మా మేనకోడలు ఎనిమిదో తరగతి. అమెరికాలోని ఎంఐటీ వాళ్లు 2007లో విడుదల చేసిన స్క్రాచ్‌లో ఆటలు కడుతుంది. కింద నేల, పైనుంచి పడే బంతి, నేలకు తగిలి ఎగరాలి. ఒకరోజు ఫోన్ చేసింది. "మావయ్యా, బంతిని తక్కువ ఎత్తునుంచి వదిలితే బాగానే ఎగురుతోంది. ఎక్కువ ఎత్తునుంచి వదిలితే నేలలోంచి దూరిపోతోంది" అంది. నేల ఎంత మందం అని అడిగాను. "సన్నగీత." బంతి కిందికి వచ్చేసరికి ఒక్కో అడుగూ ఎంత వేస్తోంది? కాసేపు మౌనం. "అయ్యో, ఒక అడుగు గీతకు పైన, తర్వాతి అడుగు గీతకు కింద. గీత మీద అసలు నిలబడనే లేదు!" నేను ఇంకేం చెప్పలేదు. సాయంత్రానికి తనే సరిచేసింది. పెద్ద అడుగును చిన్నచిన్న అడుగులుగా విడగొట్టి, ప్రతి అడుగు దగ్గరా నేల తగిలిందా అని అడిగించింది. పెద్ద పెద్ద ఆటల్లో తుపాకీ గుళ్లు గోడలోంచి దూరిపోకుండా ఆపడానికి ఇంజనీర్లు పడే పాట్లు సరిగ్గా ఇవే. ఆ పిల్లకు ఎవరూ ఇది భౌతికశాస్త్రం పాఠం అని చెప్పలేదు.

ఒక్క జాగ్రత్త. ఒంటరిగా ఆడే ఆటను విప్పి ప్రాణాలు పెంచుకుంటే ఎవరికీ నష్టం లేదు. పదిమందితో కలిసి ఇంటర్నెట్‌లో ఆడే ఆటలో అలా చేస్తే అది మోసం. ఎదుటివాళ్లు కూడా ఒప్పుకుంటేనే గచ్చు మీద నియమం మార్చేవాళ్లం. అలాగే 'అన్నీ తెరిచేసిన ఆట' అంటూ ఎక్కడెక్కడి నుంచో వచ్చే ఫైళ్లను ఫోన్లలో వేయకండి. వాటి లోపల ఆటతో పాటు దొంగ ప్రోగ్రాంలు కూడా ఉండొచ్చు.

తల్లిదండ్రులు తరచూ అడుగుతుంటారు, మా వాడు ఎప్పుడూ ఆటల్లోనే ఉంటాడండీ, ఏం చేయమంటారు అని. ఫోన్ లాక్కోవడానికి ముందు ఒక్క పని చేసి చూడండి. పక్కన కూర్చుని, "ఈ ఆట నీ చేతిలో ఉంటే ఏం మారుస్తావు?" అని అడగండి. పిల్లల దగ్గర జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. ఆ జవాబును ఎక్కడ రాయాలో చూపించండి. స్క్రాచ్‌కు డబ్బు కట్టనక్కర్లేదు. అందులో ఎవరు పెట్టిన ఆటనైనా లోపల చూడటానికి పేజీలోనే ఒక బటన్ ఉంటుంది. కాస్త పెద్ద పిల్లలకు పైథాన్ భాష ఉంది, ఆటలు కట్టే గోడో ఉంది, అవీ ఉచితమే. పాత కంప్యూటర్ చాలు. ఇంగ్లిష్ రాదని వెనక్కి తగ్గే పిల్లలుంటే, నాకు ఆ శామీ వరుసలో అర్థమైనవి మూడే మాటలని చెప్పండి.

బడిలో కంప్యూటర్ గది ఉన్న మాస్టార్లకు, టీచరమ్మలకు ఓ విన్నపం. ఏ పిల్లవాడైనా ప్రోగ్రాంలో చేయి పెట్టి ఏదో చెడగొట్టాడని తెలిస్తే, దయచేసి ఆరోజు మా సార్ చేసినట్టే చేయండి. కుర్చీ లాక్కుని, ఆ పిల్లవాడి పక్కన కూర్చోండి.